ఇంటర్‌కమ్‌లో నాన్న గొంతు

దయ్యాల ఊసు ఎవరెత్తినా నవ్వేసే మనిషిని నేను. రొంపిచెర్ల దగ్గర బడిలో పిల్లలకు సైన్సు చెబుతాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ బయటపెట్టలేదు.

మా చిన్నమ్మాయి హారికకు ఆరేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. కీమోతో తగ్గింది. రెండేళ్లు తిరక్కుండానే తిరగబెట్టింది. ఇక మూలకణాల మార్పిడి ఒక్కటే దారి అన్నారు హైదరాబాద్ డాక్టర్లు. పెద్దమ్మాయి కణాలు సరిపోయాయి.

కణాలు ఎక్కించాక హారికను గాజు గదిలో ఉంచారు. తోడు నేనొక్కదాన్నే. ఎవరొచ్చినా గాజు అవతలి నుంచి ఇంటర్‌కమ్‌లో మాట్లాడాల్సిందే. పన్నెండు రోజులైనా అక్క కణాలు ఒంటికి పట్టుకోలేదు. నోరంతా పుళ్లు, వదలని జ్వరం.

ఆ మధ్యాహ్నం కుర్చీలో కునుకు పట్టింది. హారిక నవ్వుకు మెలకువ వచ్చింది. రిసీవర్ చెవికి పెట్టుకుని మాట్లాడుతోంది. గాజుకు తెర వేసి ఉంది. మా ఆయన వచ్చారనుకున్నాను.

"అమ్మా, నాన్న రమ్మంటన్నాడు. పోనా?"

"ఇప్పుడేంది పోయేది? మందు టైమైంది. పెట్టెయ్."

లేచి తెర తీశాను. అవతల ఎవరూ లేరు. మందు తెచ్చిన నర్సును అడిగితే, ఇంటర్‌కమ్ పొద్దుటి నుంచి పనిచేయడం లేదంది. రిసీవర్ ఎత్తి చూశాను. చడీచప్పుడూ లేదు. జ్వరంలో కలవరించిందిలే అనుకున్నాను.

మా ఆయన సాయంత్రానికి గానీ రాలేదు. పిడుగురాళ్ల దగ్గర బస్సు ఆగిపోయిందట. గాజు అవతల నిలబడి నా సెల్‌కు చేశారు. స్పీకర్ పెట్టాను.

"బంగారూ, నీకో సంగతి చెప్పాల."

"గేదె ఈనింది. పెయ్యదూడ. నుదుట తెల్లచుక్క. ఇందాక చెప్పావుగా!"

నువ్వు చెప్పావా అన్నట్టు ఆయన నా వైపు చూశారు. గేదె ఆ తెల్లవారుజామునే ఈనింది. నాకే తెలియదు. ఇంటి దగ్గరున్న పెద్దమ్మాయికి ఫోన్ చేస్తే, "నేను చెప్పలా అమ్మా, తనే చెప్తానన్నాడు నాన్న" అంది.

మధ్యాహ్నం జరిగింది ఆయనకు చెప్పాను. "పోదాం రమ్మని నేనన్నానా తల్లీ?" అని మెల్లగా అడిగారాయన.

"చానాసార్లు అన్నావు. అమ్మే వద్దంది."

ఆ తర్వాత మూడో రోజు నుంచి కణాలు పెరగడం మొదలైంది. ఏడాది దాటింది. హారిక బడికి వెళ్తోంది. చెకప్ దగ్గర పడితే మాత్రం ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఆ మధ్యాహ్నం దానికి గుర్తే లేదు.

కలవరింతకు జ్వరం కారణం అనుకోవచ్చు. దూడ నుదుటి చుక్క జ్వరానికి ఎలా తెలుస్తుంది? ఆ రోజు నేను వద్దన్నది ఎవరినో నాకు ఇప్పటికీ తెలియదు.