దొరకని నాడి

ఇన్నేళ్లుగా నా కుడిచేతి మూడు వేళ్లను చూసుకున్నప్పుడల్లా నాకు రోత పుడుతున్నది. ఆ వేళ్లను సాక్షిగా పెట్టి ఒక అబద్ధమాడాను. ఇంట్లోవారికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తొంభైల నడుమ, భవానీపురంలోని మా ఇంటి వసారాలో ఆయుర్వేద వైద్యం చేసేవాణ్ణి. రోగి నోరు విప్పకముందే నాడి పట్టి రోగం చెబుతానని పేరు. ఆ పేరును ఎంతో ముద్దుగా పెంచుకున్నాను.

ఒక ఉదయం మైలవరం వైపు నుండి ఒక రైతు తన భార్యను తీసుకువచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. స్త్రీకి ఎడమచేతి నాడి చూడడం మా శాస్త్రమర్యాద. మణికట్టు మీద వేళ్లుంచాను. ఏమీ లేదు. నొక్కాను, సడలించాను, మళ్లీ నొక్కాను. చల్లని చర్మం, అంతే.

“దొరకలేదాండీ?” అన్నది ఆమె మెల్లగా. “మా ఊరి నర్సమ్మగారికీ ఈ చేతికి దొరకలేదండీ. జడేసుకుందామని ఎత్తితే చాలు, లాగేస్తందండీ.”

“సినిమాకెళ్లేప్పుడు మాత్రం ఏ చెయ్యీ లాగదండి దీనికి,” అన్నాడు భర్త.

వసారాలో పదిమంది ఉన్నారు. అందరి చూపూ నా వేళ్ల మీదనే.

“నాడి లేని మనిషి ఇలా కూర్చుని కబుర్లు చెబుతుందా తల్లీ?” అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. “నీ నాడి కప్పలా గెంతుతున్నది. అది పిత్తం నడక. ఒట్టి పైత్యం.”

కుడిచేయి పట్టి చూస్తే తేడా తేలిపోయేది. ఎందుకు పట్టలేదు? తోచకనా? కాదు. పడితే, మొదటి చేతిలో నాకు నాడి దొరకలేదని ఆ పదిమందికీ తెలిసేది. లేని నాడికి నడకను, నడకకు దోషాన్ని, దోషానికి లేహ్యాన్ని కల్పించి, పథ్యం కూడా చెప్పి పంపిన ఆ నోటిని ఏమనాలి?

ఏడాది తిరిగేసరికి ఆమెకు ఎడమకన్ను పోయింది. విజయవాడలోనే ఒక గుండె డాక్టరు రెండు చేతులకూ రక్తపోటు చూసి, యాంజియోగ్రామ్ తీయించి, గుండె నుండి బయలుదేరే బృహద్ధమని గోడలు వాచాయనీ, అక్కడి నుండి ఎడమచేతికీ, మెడ గుండా కంటికీ పోయే రక్తనాళాలు ఇరుకైపోయాయనీ తేల్చాడు. స్టెరాయిడ్ మాత్రలతో వాపు తగ్గింది. కన్ను రాలేదు.

ఆ సంగతి చెప్పడానికి వారిద్దరూ నా దగ్గరికే వచ్చారు, అరటిపండ్లు పట్టుకుని.

“ఏడాది ముందొస్తే కన్ను దక్కేదన్నారండీ ఆయన. మీరు చూసినప్పుడు బానే ఉంది కదండీ అయ్యగారూ. ఆ తర్వాతే పోయుంటది నాడి,” అన్నాడు భర్త.

“అంతే నాయనా. ఆ తర్వాతే.”

మొదటిది పదిమంది ఎదుట పరువు కోసం తడబడిన నోరని సర్దుకోవచ్చునేమో. రెండవదానికి ఆ సాకూ లేదు. వసారాలో మేము ముగ్గురమే. ఆమె ఆ మిగిలిన కంటితో నన్నే చూస్తూ ఉండగా, బాగా ఆలోచించి అన్నాను. పండ్లు పుచ్చుకున్నాను. తిన్నాను కూడా.

క్షమాపణ అడగను. అడగవలసిన మనిషి ఎక్కడున్నదో, ఉన్నదో లేదో, ఇంతవరకూ కనుక్కోనైనా లేదు. ఇది వ్రాసినందువల్ల రోత తగ్గదు. వ్రాస్తున్నంతసేపూ ఊపిరి కొంచెం ఆడుతున్నది, అంతే. ఆమె మొదటిసారి వచ్చిన ఉదయమే ఆ చేతిలో నాడి లేదు. లేదని నాకు తెలుసు.