వరలక్ష్మి మేడం చెప్పిన వేడి

నిన్న ఓపీ గదిలో ఆయా పచ్చ తెర లాగితే ఇనుప కడ్డీ మీద రింగులు కిర్రుమన్నాయి. ఆ చప్పుడుకు నాకు ఇప్పటికీ వరలక్ష్మి మేడం గుర్తొస్తారు. భద్రాచలంలో నేను కొత్త డాక్టరుగా చేరినప్పుడు స్త్రీల వార్డుకు ఆవిడే పెద్ద. మాట పొదుపు, నవ్వు ఇంకా పొదుపు. తెర మాత్రం ఎప్పుడూ తనే లాగేవారు.

ఒకసారి సారపాక అవతలి ఊరి నుంచి తల్లిదండ్రులు తొమ్మిదో తరగతి కూతురిని తీసుకొచ్చారు. మూత్రానికి పోవాలంటే పిల్ల ఏడుస్తోంది. జననాంగం దగ్గర పుండ్లు. హాస్టల్లో ఎవరో అది చెడ్డ రోగమన్నారట. ఆ మాట పిల్లకంటే ముందే ఊరు చేరింది. తండ్రి వరండాలోనే నిలబడ్డాడు. "ఇగ సదువు బంద్. దొరికినోనికిచ్చి పంపిస్త," అన్నాడు, కూతురి వైపు చూడకుండా. మా నర్సు కూడా, "నిప్పు లేంది పొగొస్తదా మేడం," అని గొణిగింది. మేడం ఆమెనూ తల్లినీ బయటికి పంపి, నన్నొక్కదాన్నే ఉండమన్నారు.

పుండ్ల మాట ఎత్తకుండా, "జరం వచ్చిందా తల్లీ?" అని మొదలుపెట్టారు.

"వచ్చింది. గొంతు నొప్పి గూడ. జరం తగ్గంగనే ఇవి లేసినయ్."

తర్వాత నెమ్మదిగా, ఎవరన్నా ముట్టుకున్నారా, బెదిరించారా అని అడిగారు. ఎవరూ లేరంది పిల్ల. మేడం నోరు, కళ్లు చూసి, ఆ తర్వాతే పుండ్లు చూశారు. రక్తపరీక్షలు రాశారు.

"నమ్మారు కదా మేడం, పరీక్షలెందుకు?" అన్నాను.

"నమ్మిన. ఇంకో రోగమేదన్న దాక్కుంటే పిల్లకే కదా నష్టం?"

పరీక్షల్లో ఏ రోగమూ బయటపడలేదు. "మీ నాయనకు నేను చెప్పనా?" అని మేడం పిల్లను అడిగారు. పిల్ల తలూపింది. తల్లిదండ్రులిద్దరినీ లోపలికి పిలిపించి, తండ్రిని కూతురి పక్కనే కూర్చోబెట్టారు.

"జరమొస్తే నోట్లె పుండ్లు లేస్తయా, లేవయా?"

"అవ్, వేడి చేసి లేస్తయ్," అంది తల్లి.

"అప్పుడు ఎవనితోని తిరిగినవని అడుగుతరా? ఇవీ గట్లనే, వేడికి లేసినయ్. ఒకరి నుంచి అంటుకున్నయి కావు. ఉప్పునీళ్లతోని కడిగి మందు రాస్తే కొన్ని వారాలల్ల మానుతయ్."

వేడి అనే మాట మా పుస్తకాల్లో లేదు. తర్వాత ఆ సంగతి ఎత్తితే, "పుస్తకంల పేరు మనకు. ఆ తల్లికి వాడకట్టుల చెప్పుకునే మాట కావాలె కదమ్మాయ్," అన్నారు. ఆవిడ తెలివికి నాకు అసూయ కలిగిన మాట నిజం.

మళ్లీ చూపించుకోవడానికి వచ్చేసరికి పుండ్లు మానాయి. తండ్రి కూతురి పుస్తకాల సంచీ తన భుజాన వేసుకుని, హాస్టల్ వైపు బస్సు ఎక్కడ ఆగుతుందని నన్నే అడిగాడు.

మేడం ఇప్పుడు లేరు. ఇలాంటి పిల్లలు నా దగ్గరికీ వస్తుంటారు. పరీక్షలు చేస్తాను, మందు రాస్తాను, అవి ఎవరైనా చేస్తారు. తలుపు తీసేముందు మాత్రం, "నాన్నకు నేను చెప్పనా?" అని అడుగుతాను. ఇంతవరకూ ఒక్క పిల్లా వద్దనలేదు.