వాలుగా కొట్టిన గాడి

ఆ వైర్ల పైపు గోడలో వాలుగా పోయిందని నాకు తెలుసు. తెలిసే నిలువుగా గీసినా. ఈ ముక్క ముందే చెప్పేస్తే మేలు. మధ్యలో చెప్పబోతే నా మీద నేనే జాలిపడి ఏదో ఒక సాకు వెతుక్కుంటా.

నేను మార్కాపురంలో, మా అత్తగారింట్లో మేడమీద గదిలో కూర్చుని పని చేస్తా. ఇంకా కట్టని బిల్డింగుల్లో కరెంటు ఏ దారిన పోవాలో కంప్యూటర్లో గీసి చూపించడం నా పని. కేబుల్ ట్రే అని ఉంటాది. ఇనప నిచ్చెనను పడుకోబెట్టి సీలింగు కింద బిగించినట్టు ఉంటాది, వైర్లన్నీ దాని మీద పరుచుకుని పోతాయి. అది దూలానికి గానీ నీళ్ల పైపుకు గానీ తగలకూడదు. తగిలితే సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తాది. ఆ ఎరుపు పోగొట్టినందుకే నాకు జీతం. నేను గీసే బిల్డింగులు ఏ ఊళ్లో లేస్తా ఉన్నాయో కూడా నాకు సరిగ్గా తెలియదు. చుట్టాలకు చెప్తే "అంటే బొమ్మలేస్తావా?" అంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఊ అనేసి ఊరుకుంటా.

మా నాయన వైర్‌మాన్. ఇల్లు రాచర్లలో, పనులు ఎక్కువగా గిద్దలూరులో. ఆయన పని నేర్చుకున్న కాలంలో మా పక్క వైరు కొనడమంటే ఇంటివాళ్లకు గుండెల మీద బండ. అందుకని వైర్ల పైపు కోసం గోడలో గాడి కొట్టేటప్పుడు ఆయన నిలువుగా పోయి అడ్డంగా తిరిగేవాడు కాదు. బోర్డు దగ్గర మొదలుపెడితే పాయింటు దాకా ఒకటే ఏటవాలు. రెండు మూరల వైరు మిగిలేది. ఆ మిగిలిన ముక్కను చుట్ట చుట్టి ఇంటామె చేతిలో పెట్టి గానీ వచ్చేవాడు కాదు. ఆయన గొప్పంతా ఆ చుట్టలోనే ఉండేది.

గిద్దలూరులో ఒక నర్సింగ్ హోముకు చానా ఏండ్ల కిందట అట్లనే వైరింగు చేసినాడు. ఇప్పుడు అక్కడ కొత్త మిషన్లు వస్తా ఉన్నాయని, మేడమీద వరండా గోడెంబడి ట్రే బిగించాల్సి వచ్చింది. కాంట్రాక్టరు నాయన్నే పిలిచినాడు. "మీ పాప చేసేది ఇదే పని గదా, డ్రాయింగు ఆమెతోనే గీయించు" అన్నాడంట. నాయన మురిసిపోయినాడు. పాత క్యాలెండర్ కాయితం వెనక పెన్సిల్‌తో గోడ గీసిచ్చినాడు. తలుపు పక్కన బోర్డు, అవతలి మూలన పైన పాయింటు, రెండిటి మధ్య ఏటవాలుగా ఒక గీత. కింద "పసిపిల్లల రూము లైను" అని గుండ్రటి అక్షరాల్లో రాసినాడు.

ఆ గీతను అట్లనే గీద్దామని కూర్చున్నా. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలా. అటు చివర అతికితే ఇటు చివర ఊడిపోతాది. ఎర్ర వార్నింగు. నాలుగుసార్లు చేసినా, నాలుగుసార్లూ అదే. "దీని మొహం మండ" అనుకుని బోర్డు మీద నుంచి నిలువుగా పైకి, అక్కడి నుంచి సీలింగు కింద అడ్డంగా, మూలమట్టంగా ఒక మలుపుతో పైపు వేసేసినా. ఎరుపు పోయింది. చూడ్డానికి ఎంత ముద్దుగా వచ్చిందో! తరవాత సరిచేస్తాలే అనుకున్నా. బోర్డు పైన, సీలింగు అంచున మాత్రం "ఇక్కడ కొట్టొద్దు" అని, మిగతా గోడంతా "క్లియర్" అని రాసి పంపించినా. తరవాత నా ఆఫీసు పనిలో పడి ఆ సంగతే మర్చిపోయినా.

పది రోజులకు ఒక పొద్దున మిద్దె మీద బట్టలు ఆరేస్తా ఉన్నా. పాత తాడు తెగింది. కొత్త తాడు పిట్టగోడెంబడి తిప్పి కడతా ఉంటే మా అత్త కింద నుంచి అరిచింది. "అట్ల తిప్పితే ఏం చాలతాది? ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా లాగు, తాడు మిగులుతాది!"

ఏటవాలు! నాయన గీసిచ్చిన గీత గుర్తొచ్చింది, నేను దాన్ని సరిచేయనే లేదు. నాయన నర్సింగ్ హోము గోడకు డ్రిల్లుతో రంధ్రాలేసి ట్రే బ్రాకెట్లు బిగించేది ఆ పొద్దే. ముందురోజు ఫోన్లో తనే చెప్పినాడు.

ఫోన్ చేసినా. మోగుతా ఉంది, ఎత్తడు. నిచ్చెన ఎక్కేటప్పుడు ఫోను జేబులో పెట్టుకోడు మా నాయన. ఒకసారి పైనుంచి పడి పగిలిందని, అప్పటి నుంచి అన్నం క్యారియర్ సంచిలో పడేస్తాడు. నర్సింగ్ హోముకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పొద్దున ఓపీ టైము, ఎవరు ఎత్తుతారు? కాంట్రాక్టరు మాత్రం ఎత్తినాడు. సామాన్ల కోసం కురిచేడు వచ్చినానన్నాడు.

"అన్నా, ఆ గోడ పని ఆపించన్నా. మెయిన్ ఆపినారా లేదా?"

"ఎందుకాపుతామమ్మా? పసిపిల్లల రూముకు పోయే లైను గదా. గోడ క్లియర్ అని నువ్వే రాస్తివి. నీ డ్రాయింగు చూసే గదా ఆపొద్దు అన్నా."

నా పైప్రాణాలు పైనే పోయినాయి. లైనులో కరెంటు ఉంది, డ్రిల్లు దానికి తగిలితే అంతే. ఇనప నిచ్చెన. మా నాయన చేతిలో ఉండేది పాతకాలం నాటి ఇనప బాడీ డ్రిల్లు. కొత్తది కొనిస్తానంటే "దీనికేం రోగం?" అని ఎగిరేవాడు. "నేనూ ఫోన్ కొడతాలే" అంటా ఉన్నాడు కాంట్రాక్టరు. ఎవరికి కొడతాడు? ఆ క్యారియర్ సంచికే గదా!

మా ఆయన ఒంగోలు పోయినాడు. బండి లేదు. మెట్లు దిగినానో దూకినానో తెలియదు. మా అత్త "ఏందే, ఏమైందే?" అని వెంటపడింది. "నాయన" అని మాత్రం అని గడప దాటినా. బస్టాండులో గిద్దలూరు బస్సు కదలబోతా ఉంటే పరిగెత్తి ఎక్కినా.

ఆ బస్సు ప్రయాణం గురించి ఏం చెప్పాలి. నిమిషానికొకసారి ఫోన్ చేస్తా ఉన్నా. ప్రతిసారీ అది మోగుతా ఉంటే, ఎవరన్నా వేరే మనిషి ఎత్తి "అమ్మా, మీ నాయన..." అంటాడేమో అని భయం. ఎత్తకపోయినా భయమే, ఎత్తుతాడేమో అనీ భయమే. మధ్యలో మా అమ్మకు చేసినా. "పొద్దున్నే చద్దన్నం తిని పోయినాడు. నీ గొంతేంది అట్లుంది?" అంది. "జలుబమ్మా" అన్నా. అబద్ధం అంత తొందరగా ఎట్ల వచ్చిందో నాకు.

కంభంలో బస్సు పది నిమిషాలు ఆపినాడు. టీ తాగాలంట. నేను డ్రైవరు మీద పడినా. "అన్నా, మా నాయన పానం మీదికొచ్చింది, పోనీ అన్నా!" అని ఏడ్చినా. గ్లాసు సగంలోనే పెట్టేసి వచ్చినాడు పాపం. ఆయన మేలు మర్చిపోలేను. రాచర్ల దారి కలిసే చోట గొర్లు అడ్డమొచ్చినాయి. ఒక మంద. నిదానంగా, తలలు వంచుకుని. తలుపు దగ్గర నిలబడి ఆ గొర్లను, వాటి కాపరిని, నన్ను, నా సాఫ్ట్‌వేరును, అందరినీ తిట్టినా. కళ్లు మూసుకుంటే ఆ ముద్దొచ్చే మూలమట్టం మలుపు కనపడేది.

నర్సింగ్ హోము మెట్ల కిందికి వచ్చేసరికి పైనుంచి డ్రిల్లు చప్పుడు వినపడింది. నా జన్మలో అంత కమ్మటి చప్పుడు వినలేదు. బతికే ఉన్నాడు! నాలుగు మెట్లు ఎక్కినా. చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

కమ్మీ పట్టుకుని అట్లనే కూలబడినా. పైకి పోవాలంటే భయం. పోకుంటే భయం. పక్కన ఎవరో బాలింత నన్ను చూసి "నీళ్లు తాగుతావా అక్కా?" అంటా ఉంది.

అప్పుడు పైన ఎవరో దగ్గినారు. బీడీ మానేసినా పోని ఆ దగ్గు మా నాయనదే.

నేను పైకి పోయేసరికి నిచ్చెన దిగి, నేల మీద కూర్చుని డ్రిల్లుకు ముక్కు మారుస్తా ఉన్నాడు. గోడకు మూడు రంధ్రాలు పడినాయి. నాలుగోదానికి పెన్సిల్ గుర్తు పెట్టి ఉంది. నన్ను చూసి నవ్వినాడు. "ఏందమ్మా, చున్నీకి బట్టల క్లిప్పులతో వచ్చినావు?"

"ఫోను ఏ గంగలో కలిసింది నీది!" అని అరిచినా. వరండా అంతా తిరిగి చూసింది. డ్రిల్లు వైరు పీకి అవతల పారేసినా. ఆ తరవాత చెప్పినా. సాఫ్ట్‌వేర్ వాలు గీతను పట్టలేదని, విసుగొచ్చి నేనే నిలువుగా చేసినానని, నువ్వు గీసిచ్చిందే నిజమని. చెప్తా ఉంటే వెక్కిళ్లొచ్చినాయి.

నాయన తిడతాడనుకున్నా. తిట్టినా బాగుండేది. సిస్టర్లకు చెప్పి, పసిపిల్లల రూముకు జనరేటరు మీద నుంచి ఇంకో లైను ఇప్పించి, మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి రెండుసార్లు చూసుకున్నాడు. తరవాత ఉలి, సుత్తి తీసుకుని నాలుగో గుర్తు దగ్గర గార మెల్లగా కొట్టినాడు. ఒక పెచ్చు ఊడింది. ఇంకో పెచ్చు.

పైపు కనపడింది. ఏటవాలుగా. పెన్సిల్ గుర్తు సరిగ్గా దాని నడిమధ్యన పడి ఉంది.

నాయన ఆ పైపును వేలితో తడుముతా అట్లనే నిలబడినాడు. ఆయన కళ్లలో నీళ్లు. భయపడినాడేమో అనుకున్నా.

"నిన్న ఈ గోడ ముందర చానాసేపు నిలబడినా పాపా" అన్నాడు. "నాకు వాలుగా కొట్టినట్టే గుర్తు. నీ కాయితంలో చూస్తే నిలువుగా ఉంది. నువ్వు చదువుకున్నదానివి, కంప్యూటర్ తప్పు చెప్తాదా, నాకే మతి పోతా ఉందనుకున్నా. మా నాయనకు ఇట్లనే మొదలైంది. ఆఖరుకు నన్నే ఎవరు నువ్వు అన్నాడు. నిన్నటి నుంచి నాకు అన్నం సయించలా, మీ అమ్మకు చెప్పలేదు."

చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగినాడు. పసిపిల్లోని మాదిరి నవ్వినాడు.

"నాకు మతి బాగానే ఉందమ్మా."