పరగడుపు గొంతు

మా డబ్బింగ్ వాళ్ళలో పాత కాలం నుంచి ఒక పట్టింపు ఉంది. మైకు ముందుకు వెళ్ళేలోగా అన్నం ముట్టకూడదు. ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో మైకులు చీర చెంగు కదిలినా పట్టేస్తాయి, ఇక కడుపులో గుడగుడల సంగతి చెప్పాలా? "కడుపు ఖాళీగా ఉంటే గొంతు తేలిగ్గా ఉంటుందమ్మా" అని నాకు పని నేర్పిన పెద్దావిడ చెబితే వేదవాక్కులా పట్టుకున్నాను. పొద్దున ఒక కాఫీ. అరుపులూ ఏడుపులూ అయ్యాక తల పగిలిపోతుంటే ఒక నొప్పి మాత్ర. అన్నం ఇంటికెళ్ళాకే.

తెలుగు రాని ఒక పెద్ద హీరోయిన్‌కి ఏళ్ళ తరబడి గొంతు నాదే. తెర మీద ముఖం ఆవిడది, అభిమానులు ఆవిడకి, ఏడుపు మాత్రం నాది. నాకున్న ఆస్తి అదొక్కటే అనుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మధురానగర్ నుంచి ఒక పిల్ల వచ్చింది. మొదట్లో స్నేహితురాలి వేషాలకీ, చెల్లెలి వేషాలకీ చెప్పేది. వచ్చిన రోజే మా అందరి ముందూ క్యారియర్ విప్పి కూర్చుంది.

"అక్కా, రండి, ఒక ముద్ద తినండి. గుత్తివంకాయ."

"వద్దమ్మా, పని ముందు తినను."

"అమ్మో, తినకుండా ఎలా ఉంటారక్కా? నాకైతే కళ్ళు తిరిగిపోతాయి."

పప్పు, కూర, పెరుగన్నం అన్నీ లాగించి, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళి ఒక్క టేకులో ఏడ్చేసి వచ్చింది. ఆ పొట్ట కిక్కురుమంటే ఒట్టు! నేను మైకు ముందు నిలబడితే నా కడుపే అరిచింది. "మేడమ్, ఇంకోటి తీసుకుందాం" అన్నాడు సౌండ్ ఇంజనీరు. అద్దం అవతల ఆ పిల్ల నవ్వు దాచుకోవడానికి కాబోలు తలొంచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె గొంతు మీదకన్నా ముందు ఆమె పొట్ట మీద అసూయపడ్డాను, నవ్వితే నవ్వండి.

తర్వాత హీరోయిన్ కొత్త సినిమా మొదలైంది. "ఈసారి గొంతు కొంచెం కొత్తగా ఉంటే ఎలా ఉంటుందో చూద్దామండీ" అన్నాడు దర్శకుడు. ఇద్దరికీ వాయిస్ టెస్ట్ పెట్టారు. నా గొంతుకి నాకే పరీక్ష! ఆ వారమంతా నాకు నిద్ర లేదు. రొమ్ము కింద సన్నగా కోస్తున్నట్టు నొప్పి, దాన్ని అణచడానికి మాత్రలు. ఆ పిల్లకన్నా నా గొంతు తేలిగ్గా ఉండాలని ఉన్న కాస్త తిండీ తగ్గించాను.

టెస్ట్ రోజు నా వంతు రాకముందే బాత్‌రూమ్‌లో వాంతయింది. కాఫీ పొడి కలిపినట్టు నల్లగా ఉంది. సౌండ్ ఇంజనీరే ఆటో పిలిచి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. గొంతులోంచి కెమెరా గొట్టం దించి చూశారు.

"ఏంది మేడమ్, గిన్ని నొప్పి గోళీలు ఉత్త కడుపుతోని మింగుతున్నరా?" అన్నాడు డాక్టరు. "లోపల పుండు పడి రక్తం కారింది. దీన్ని పెప్టిక్ అల్సర్ అంటరు. చిన్నపేగు మొదట్ల పడితే డుయోడినల్ అల్సర్, కడుపుల పడితే గ్యాస్ట్రిక్ అల్సర్. మీది కడుపుల ఉంది."

"టెన్షన్ వల్లేనా డాక్టరు గారూ?" అని ఆశగా అడిగాను.

"టెన్షను, కారం ఉన్న పుండును సతాయిస్తయ్ గానీ, పుట్టించేటివి ముఖ్యంగ రెండే. హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఒకటి, గీ గోళీలు ఒకటి. మీకు రెండూ ఉన్నయ్. ఫికర్ చెయ్యకుండ్రి, మందులకు మానుతది. గోళీలు బంద్, కొన్ని వారాలు అరుపులు గిట్ల వద్దు, రక్తం తక్కువుంది."

డబ్బింగ్ పట్టింపు గురించి చెబితే ఆయన నవ్వాడు. "ఖాళీ కడుపే ఎక్కువ మొత్తుకుంటది మేడమ్. జర తిని పోతే గమ్మునుంటది."

నా దుఃఖం ఎవరికి చెప్పుకోను? నేరమంతా ఆ పిల్ల మీద వేద్దామనుకుంటే, అది కాస్తా కంటికి కనిపించని పురుగు మీదకు పోయింది. పైగా ఆ పిల్ల ఆస్పత్రికి పెరుగన్నం పట్టుకొచ్చింది. ముదనష్టపుది, మంచిది కూడా! చెడ్డదైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. సినిమా ఆమెకే వెళ్ళింది.

రెండు వారాలు యాంటీబయాటిక్స్, ఆ పైన కడుపులో యాసిడ్ తగ్గించే మాత్రలు వాడాను. మళ్ళీ గొట్టం వేసి చూసి, పుండు మానిందన్నారు. ఇప్పుడు వేళకి తింటున్నాను. ఆ పిల్ల పేరు వింటే మాత్రం ఇప్పటికీ ముద్ద దిగదు.

మొన్న ఆదివారం ఆ సినిమా టీవీలో వచ్చింది. అది నా చెయ్యి జారిపోయిన సంగతి అమ్మకి చెప్పలేదు, నేను చూడనని వంటింట్లో కూర్చున్నాను. కాసేపటికి మా అమ్మ పిలిచింది. వెళ్తే, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఎంత బాగా ఏడ్చావే తల్లీ! ఇన్ని సినిమాల్లో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. నీ గొంతు ఎక్కడున్నా నేను పట్టేస్తాను."

"అది నేను కాదమ్మా" అన్నాను.

అమ్మ నా వంక చూసింది. ఇంతలో తెర మీద ఏడుపు మళ్ళీ మొదలైంది, ఆవిడ కళ్ళు అటే తిరిగిపోయాయి.

"కాస్త సౌండు పెంచవే" అంది.