ఊరిని ఓటుకు పిలిచిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మైలవరంలో, నేను పనిచేసే బడికి బయల్దేరుతుండగా తెలిసింది. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ ఇక లేదే. కాఫీ తాగి, పేపరేదిరా అని అడిగింది. నేను తెచ్చేలోపే పోయింది" అన్నాడు. పేపరు చదవకుండా పెద్దమ్మ గడిపిన రోజు అదొక్కటే అయ్యుంటుంది. ఆ మాటకి నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆమె మా అమ్మకి అక్క. నందిగామ పక్కన, చందర్లపాడు మండలంలోని మా పల్లె బడిలో టీచరుగా చేసి రిటైరైంది. మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. ఊరంటే భూములున్నవాళ్ళ ఇళ్ళు. పల్లె అంటే దళితులం, చర్చికి వెళ్ళేవాళ్ళం ఉండే వైపు. మధ్యలో ఉన్నది ఒక్క తారురోడ్డే గానీ, అది దాటడానికి ఒక్కోసారి ఒక తరం పడుతుంది.

తొంభైల్లో పోలింగు బూతు ఊరి బడిలో ఉండేది. మా ఆడవాళ్ళు కూలి పోగొట్టుకుని వెళ్తే, "మీ ఓట్లు అయిపోయినయ్, ఇంటికెళ్ళండి" అనడం అక్కడ మామూలే. ఎవరేశారని అడిగే నోరు మాకు లేదు. ఎండకు తాళలేక మంచినీళ్ళు అడిగితే దోసిలి పట్టమనేవాళ్ళు, పైనుంచి పోసేవాళ్ళు. ఎలక్షన్ డ్యూటీ పడని ఏడు పెద్దమ్మ కూడా ఆ వరసలో నిలబడేది. దోసిలి మాత్రం పట్టేది కాదు. నాలుక పిడచకట్టుకుపోయినా ఇంటికొచ్చే తాగేది.

అందుకే ఫోటో గుర్తింపు కార్డులు వస్తున్నాయనగానే ఆమెకి పండగైంది. "కార్డు మీద మన మొహం ఉంటదంట. ఇంక నా ఓటు ఇంకోడు ఎట్టా ఏస్తాడో చూస్తా" అంది. పల్లె ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని ఫోటోలకి తీసుకెళ్ళింది. అందరూ పెట్టెల్లోని చీరలు తీసి కట్టుకొచ్చారు. కెమెరా ఎదురుగా కూర్చోగానే మా పిన్ని ఒకామె చేతులు కట్టుకుని కళ్ళు గట్టిగా మూసేసుకుంది. "కళ్ళు తెరవ్వే, ఇది ప్రార్థన కాదు" అని పెద్దమ్మ అరిచిన అరుపుకి ఫోటోగ్రాఫరు కూడా నవ్వాడు. ఓటింగు మిషన్లు వచ్చినప్పుడు ఇంకో తమాషా. అట్టపెట్టె మీద సోడామూతలు అంటించి, అవే మీటలని చెప్పి, ఒకటి నొక్కగానే తనే నోటితో "కుయ్య్" మని కూసేది. పోలింగు రోజు అసలు మిషను కూత విని బయటికొచ్చిన మా అమ్మ, "మా అక్క కూతే బావుంది" అని తేల్చేసింది.

తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరిగింది. గీతలు మళ్ళీ గీశారు. పక్కనున్న జగ్గయ్యపేట ఎప్పట్లాగే జనరల్‌గా ఉండిపోయింది, మా నందిగామ ఎస్సీలకు రిజర్వైంది. ఆ వార్త పెద్దమ్మ చర్చి అరుగు మీద కూర్చుని పైకి చదివింది. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మనోడు నిలబడి, ఆ గుమ్మాల ముందు ఓటడుగుతాడు. మా నాన్న ఉంటే బావుండేది" అంది. ఆ రోజు ఆమె మొహంలో ఉన్న గర్వం నేను మళ్ళీ చూడలేదు.

ఊళ్ళో మాత్రం చావు కబురు విన్నట్టే ఉంది. పాలకేంద్రం దగ్గర మాజీ సర్పంచి గారు "మన సీటు పోయింది" అని నిట్టూర్చారట. పాలకోసం వెళ్ళిన పెద్దమ్మ వినేసింది. వినీ ఊరుకునే మనిషైతే ఇది రాసే పనే ఉండేది కాదు. "సీటు ఎక్కడికీ పోలేదండీ, మన నందిగామలోనే ఉంది" అని చెప్పి, పాలు పోయించుకుని వచ్చేసింది.

దాని మీద ఇంకోటి వచ్చిపడింది. ఊరి బడి కప్పు వానలకి పాడైంది. అధికారులు వచ్చి చూసి, స్లాబు బాగున్న మా పల్లె బడిలోనే బూతు పెట్టారు. అంటే ఊరంతా రోడ్డు దాటి పల్లెలోకి వచ్చి, మా వాళ్ళ మధ్య వరసలో నిలబడి ఓటెయ్యాలి. కొందరు పెద్దలు ఈసారి ఓటే వద్దనుకున్నారు. మా కుర్రాళ్ళు "రాకపోతే మానె, మన ఓట్లు చాలవా" అన్నారు.

"చాలవు" అంది పెద్దమ్మ. "మనమే ఏస్తే గెలిచినోడు పల్లె ఎమ్మెల్యే అవుతాడు. నాకు ఊరందరి ఎమ్మెల్యే కావాలి."

పోలింగు ముందు రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, మా అమ్మని తోడు తీసుకుని ఊళ్ళోకి వెళ్ళింది. పెళ్ళికి పిలిచినట్టే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, "రేపు మా బళ్ళో ఓట్లండి, అందరూ రావాలి" అని పిలిచింది. ఏ గుర్తుకనీ చెప్పలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. మాజీ సర్పంచి గారు పేపరులోంచి తల ఎత్తలేదట. లోపల్నుంచి వాళ్ళ అమ్మగారు, ఊరందరికీ మామ్మగారు, "పిలుపులకొచ్చావ్, భోజనాలు కూడా ఉన్నాయా టీచరమ్మా?" అని వేళాకోళమాడింది. "భోజనాల్లేవండి మామ్మగారూ, మంచినీళ్ళున్నాయి" అంది పెద్దమ్మ.

ఆ మంచినీళ్ళ దగ్గర ఇంట్లో పెద్ద గొడవే అయింది. మా అమ్మ, "అక్కా, నీళ్ళ ప్యాకెట్లు తెప్పిద్దామే. వాళ్ళకీ ఇబ్బంది ఉండదు, మనకీ ఉండదు" అంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఆ ఇబ్బంది పడాలనేగా పిలిచింది? బిందెలో నీళ్ళే. తాగితే తాగుతారు, లేకపోతే లేదు." పొద్దున్నే ఇత్తడి బిందె చింతపండుతో తోమి, బడి వరండాలో బల్ల మీద పెట్టి, మూత మీద స్టీలు గ్లాసులు బోర్లించింది.

వాళ్ళు వచ్చారు. అందరూ కాదు, ఆలస్యంగా, ముందు మగవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు. చాలామంది నీళ్ళ సీసాలు చేత్తో పట్టుకునే వచ్చారు. ఎండ మండిపోతున్నా బిందె దగ్గరికి ఎవరూ రాలేదు. పెద్దమ్మ మాత్రం ఆ పక్కనే కుర్చీలో నిటారుగా కూర్చుంది. మామ్మగారు కర్ర పోటేసుకుంటూ వచ్చి, ఓటేసి, బయటికొచ్చి వరండా మెట్టు మీద కూలబడింది. పెద్దమ్మ గ్లాసు నింపి అందించింది. అందరూ చూస్తున్నారు. ముసలామె గ్లాసు తీసుకుని, ఎత్తి పోసుకోకుండా కరుచుకుని గటగటా తాగేసి, "చల్లగా ఉన్నయ్. ఇంకో గ్లాసు పొయ్యమ్మా" అంది.

ఆ తర్వాత ఇంకొందరు తాగారు. మాజీ సర్పంచి గారు ఓటైతే వేశారు గానీ, బిందె వైపు చూడకుండా వెళ్ళిపోయారు. "ఎంత బిగుసుకుపోయాడో చూశావా?" అని ఓటుకని ఊరొచ్చిన నేనంటే, "ఓటేశాడుగా, నీళ్ళు ఇంకోసారి తాగుతాడులే" అంది పెద్దమ్మ. సాయంత్రం ఖాళీ బిందె ఆమే చంకనెత్తుకుని ఇంటికి నడిచింది. భుజం నొప్పి ఉన్న మనిషి, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

అది మొన్న ఏప్రిల్. ఇప్పుడు డిసెంబరు. సమాధి కార్యక్రమానికి ఊళ్ళోవాళ్ళు బానే వచ్చారు. ఇంటి దగ్గర పాస్టరు గారి ప్రార్థన అయ్యాక జనం కదులుతుంటే, గుమ్మం పక్కన ఆ ఇత్తడి బిందె కనిపించింది. అమ్మే నింపి పెట్టింది. మాజీ సర్పంచి గారు చెప్పులు విడిచి, దాని దగ్గరికి వచ్చి ఆగారు. నేను ముంచి ఇవ్వబోతే, "ఉండమ్మా" అని తనే మూత తీసి గ్లాసు ముంచుకున్నారు. నిదానంగా చివరిదాకా తాగారు. కండువాతో మూతి తుడుచుకుని, గ్లాసు తొలిపి, మూత మీద మళ్ళీ బోర్లించి పెట్టారు. ఆయన వెనక నిలబడ్డవాళ్ళు అదే గ్లాసు అందుకున్నారు.