ట్రాలీ వెనక నా పేరు

నా ఇంటర్ అయిపోయిన వేసవిలో జరిగిందిది. నర్సింగ్‌లో చేరదామని మిర్యాలగూడలో బస్సెక్కి సూర్యాపేటలోని ఒక కాలేజీకి వెళ్లాను. ఆ రోజు అక్కడ ఒక్కో గదిలో ఒక్కో కోర్సు గురించి చెబుతున్నారు. మొదటి గదిలో హార్మోనియం వాయిస్తున్నారు. రెండో గదిలో ఎన్నికల గురించి వాదించుకుంటున్నారు. మూడో గదిలో తెర మీద ఛాతీ ఎక్స్‌రే కనిపించగానే నర్సింగ్ ఇదేననుకుని ముందు వరుసలో కూర్చున్నాను.

"ఈమె ఊపిరితిత్తులల్ల ఉన్నది రైస్‌మిల్లు బూడిద. అది లోపటికి ఎట్లొచ్చిందో సూడుండ్రి," అన్నారు మేడమ్.

తర్వాతి ఫొటోలో ఒక ట్రాక్టర్ కాలువ గట్టున బూడిద గుమ్మరిస్తోంది. ట్రాలీ వెనక ఎర్ర రంగుతో 'మౌనిక' అని ఉంది. అది మా ట్రాక్టరే. నాన్న దాన్ని మిల్లుకు కిరాయికి నడుపుతాడు. కొన్న రోజే ముచ్చటపడి నా పేరు రాయించాడు.

"ఇది నర్సింగేనా అక్కా?" అని పక్కనున్న అమ్మాయిని అడిగాను.

"కాదు, పర్యావరణ నేరాల కోర్సు."

నేరం ఎవరిదని మేడమ్ అడిగారు. డ్రైవర్‌దని కొందరు, మిల్లు ఓనర్‌దని కొందరు అన్నారు. మేడమ్ నా వైపు తిరిగారు.

"నువ్వేమంటవమ్మా? నీ పేరేంది?"

"స్రవంతి," అన్నాను. అది మా చెల్లెలి పేరు.

సాయంత్రం నాన్న తల మీది బూడిద దులుపుకుంటూ, "కోర్సు మంచిగున్నదా బిడ్డా?" అన్నాడు. ఉందన్నాను.

నర్సింగ్‌లోనే చేరాను. ఇప్పుడు కోదాడలో పని చేస్తున్నాను. ఆ నేరం ఎవరిదో నాకింకా తేలలేదు. దగ్గుతో వచ్చినవాళ్లు నా బ్యాడ్జీ మీది పేరు చదువుతుంటే మాత్రం, చేయి దానంతటదే అడ్డం పోతుంది.