ఎస్తేరు బొంత

ఒట్టు పెట్టకూడదని మా సంఘంలో నేర్పారు. అందుకే పెట్టను. చూసింది చూసినట్టు చెబుతాను, అంతే.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. కోయిలకుంట్ల దగ్గరి పల్లెలో నన్ను రెండో పెళ్ళివాడికి ఇచ్చారు. ఆయన మొదటి భార్య ఎస్తేరు జ్వరంతో పోయింది. ఆమె కూతురు రూతుకు అయిదేళ్ళు. నా దగ్గరికి వచ్చేది కాదు. అన్నం పెడితే పళ్ళెం తీసుకుని గడప దగ్గరికి పోయి తినేది.

ఆ చలికాలం మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నాం. ప్రొద్దుటూరు నుంచి ఎస్తేరు తల్లి వస్తోంది. పిల్ల నాతో ఇమడకపోతే తన వెంట తీసుకుపోతానని కబురు పంపింది. నాకు పిల్లను పంపాలని లేదు.

కూటం ముందురోజంతా ఇల్లు ఖాళీ చేశాం. చిల్లుపడిన చేటలు, ఓటి కుండలు, ఎలుకలు కొరికిన గోనెలు... అన్నీ తీసేసి, పాత బట్టలు మూటలో వేసి, సున్నం కొట్టాం. చివరికి ఒక బొంత మిగిలింది. ఎస్తేరు తన పాత చీరలతో కుట్టుకున్నది.

"అది గూడా మూటలో పెట్టు," అన్నాడు మా ఆయన. "కొత్తగా మొదలు పెట్టుకుందామనుకుంటే పాతవన్నీ యాల?"

"పిల్లకు చలైతాదేమో."

"రగ్గు తెచ్చినా గదా. ఆ పేలికల మీద నీకేం మోజు?"

నేనే మడిచి మూట అడుగున పెట్టాను. ఆయన ముడి బిగించి బయట అరుగు మీద పెట్టాడు. పొద్దున బీదలకు ఇవ్వాలని. తర్వాత జొన్న కళ్ళం కావలికి పోయాడు. నేను తలుపుకు అడ్డగడియ వేశాను. ఒకటే చాప. ఆ చివర రూతు, ఈ చివర నేను.

నిద్రలో శబ్దం.

టప్...

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ... టప్. బరువైన గుడ్డను రెండు చేతులా పట్టి దులిపినట్టు. పక్క గదిలోంచి.

లాంతరు వత్తి పెంచాను. ప్రభువా, ప్రభువా అనుకుంటూ వెళ్ళాను. గది ఖాళీ. తడి సున్నం వాసన. నాపరాళ్ళ మీద నా అడుగుల చప్పుడు ఒక్కటే. వెనక్కి తిరిగి వచ్చాను.

రూతు మీద బొంత ఉంది.

లాంతరు దగ్గరికి పెట్టి చూశాను. పాదాల కిందికి మడిచి ఉంది. భుజాల దగ్గర నొక్కి ఉంది. తలుపు వైపు చూశాను. గడియ వేసింది వేసినట్టే. మళ్ళీ బొంత వైపు చూశాను.

సగమే పిల్ల మీద ఉంది. మిగతా సగం... నా చోటులో పరిచి ఉంది. ఒక మూల కొంచెం ఎత్తి మడిచి ఉంది. లోపలికి దూరి పడుకోవడానికి వీలుగా.

చనిపోయి నిద్రించినవారు తీర్పుదినాన కడబూర మోగేదాకా లేవరు. అది నా విశ్వాసం. దాని మీదే నిలబడి ప్రార్థించాను. మెల్లగా మనసు కుదుటపడింది. చలి మాత్రం తగ్గలేదు. ఆ మడత కిందికి దూరాను. లోపల వెచ్చగా ఉంది. రూతు నిద్రలోనే జరిగి వచ్చి నా మీద కాలు వేసింది.

పొద్దున అరుగు మీద మూట అలాగే ఉంది. ముడి కూడా కదల్లేదు. విప్పి చూస్తే అడుగున బొంత లేదు.

"కట్టేటప్పుడు నువ్వే పక్కన పెట్టింటావు," అన్నాడు మా ఆయన. ఏమో. మడిచి పెట్టింది నా చేతులే.

కూటం ముగిశాక ఎస్తేరు తల్లి పిల్లను దగ్గరికి పిలిచింది.

"నాతో వస్తావామ్మా?"

"రాను అవ్వా."

"ఈడ నీకెవరుండారు?"

రూతు నా కొంగు పట్టుకుని వెనక్కి నక్కింది. "చిన్నమ్మ ఉండాది. రేత్రి నా బొంతలోకి వచ్చింది."

ముసలామె కళ్ళు తుడుచుకుంది. "నిద్రలో తన్నుతాది, ఓర్చుకో తల్లీ. వాళ్ళమ్మ గూడా అంతే," అంది.

ఆ మేలుకు ప్రభువుకు స్తోత్రం చెప్పాను. ఇప్పటికీ చెబుతాను. ఆ బొంత పరిచింది ఎవరని మాత్రం ఏ ప్రార్థనలోనూ అడగలేదు.

అడిగితే చెబుతాడేమోనని... భయం.